పేరు లేని ముఖాలు

ఈ బొమ్మని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. టీషర్టు మీదో, కాఫీ కప్పు మీదో, జపాన్ గురించి రాసిన ఏదో పుస్తకం అట్ట మీదో. ముదురు రంగు వెనకతెర మీద నడుం దాకా ఒక మనిషి. గడ్డం ముందుకి పొడుచుకొచ్చి, పెదవులు బిగించి, కనుగుడ్లు ముక్కు వైపు లాగి చూస్తుంటాడు. బట్టల్లోంచి రెండు చేతులు బయటికొచ్చి వేళ్ళు విచ్చుకుని ఉంటాయి. ఆ చేతులు ఆ ఒంటికి సరిపోవు. ఎవరో చిన్నపిల్లాడివి తెచ్చి అతికించినట్టుంటాయి. గీసినవాడి పేరు షరాకు. సంవత్సరం 1794.

చాలామంది ఇతన్ని సమురాయ్ అనుకుంటారు. కాదు, నౌకరు. నాటకంలో పేరు ఎడోబే. ఇప్పే అనే ఇంకో నౌకరు దగ్గరున్న యజమాని సొమ్ము కొట్టేయడానికి అతని మీదకి ఉరకబోతున్నాడు. ఆ ఇప్పేని కూడా షరాకు విడిగా ఇంకో కాగితం మీద గీశాడు, కత్తి దూస్తున్నట్టుగా. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే గానీ సీను పూర్తవదు. ఎడోబే వేషం వేసింది మూడో ఒతాని ఒనిజి అనే నటుడు. కథలో పెద్ద పాత్రేం కాదు. ఆ నటుడు అదే ఏడాది చివర్లో పేరు మార్చుకుని రెండో నకజో అయ్యాడు, 1796లో చనిపోయాడు. కానీ ఇవాళ ప్రపంచంలో కబుకి అనగానే కళ్ళ ముందుకొచ్చే మొదటి ముఖం అతనిదే.

ఇదంతా బొమ్మ మీద రాసి ఉండదు. షరాకు సంతకం, ప్రచురణకర్త ముద్ర, సెన్సారు ముద్ర, అంతే. నటుడి పేరు లేదు, పాత్ర పేరు లేదు, నాటకం పేరూ లేదు. మరి 1794లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, కొట్టు ముందు నిలబడ్డ మనిషి ఇది ఫలానా ఒనిజి అని ఎలా పోల్చుకున్నాడు? ముఖం చూసి. ఇందులో వింతేముంది అనిపిస్తుంది. కానీ అలా ముఖం చూసి పోల్చుకోవడం అప్పటికి పాతికేళ్ళ నాటి అలవాటు మాత్రమే. ఈ చెక్క అచ్చు బొమ్మల చరిత్రని నేను పేరుకీ ముఖానికీ మధ్య జరిగిన లాగులాటలా చదువుకుంటాను.

ముందు కబుకి గురించి కొంచెం. 1603 ప్రాంతంలో క్యోటోలో ఒకుని అనే నర్తకి మొదలుపెట్టిందని చెప్తారు. అంటే ఆడవాళ్ళు మొదలుపెట్టిన కళ. 1629లో ప్రభుత్వం ఆడవాళ్ళని రంగస్థలం మీదనుంచి దించేసింది. వాళ్ళ బదులు కుర్రవాళ్ళు వచ్చారు, 1652లో వాళ్ళనీ దించేసింది. మిగిలింది పెద్ద మగవాళ్ళు. ఆడవేషాలూ వాళ్ళే. ఈ ఆడవేషధారిని ఒన్నగత అంటారు. సమాజంలో నటులది బాగా అట్టడుగు స్థానం, 'నదీతీరపు వాళ్ళు' అని ఈసడింపుగా పిలిచేవారు. అదే సమయంలో పెద్ద నటుడికి ఏడాదికి వెయ్యి బంగారు ర్యోలు ఇస్తారని పేరు. పక్కన కూర్చోబెట్టుకోరు గానీ బొమ్మ కొనుక్కుని ఇంట్లో పెట్టుకుంటారు. ఈ ముడి చివరిదాకా విప్పుకోలేదు.

మొదట్లో నటుల బొమ్మలు గీసింది తొరియి వంశం వాళ్ళు. నాటకశాలల ముందు పెట్టే పెద్ద బోర్డులు వేసే కుటుంబం అది. వాళ్ళ గీతల్లో బలం ఉంటుంది. కాళ్ళు సొరకాయల్లా ఉబ్బి ఉంటాయి, గీత వానపాములా సన్నబడుతూ లావవుతూ మెలికలు తిరుగుతుంది. ఈ పోలికలు నావి కావు, జపనీయులే ఆ శైలికి 'సొరకాయ కాళ్ళు, వానపాము గీత' అని పేరు పెట్టారు. అయితే ఆ బొమ్మల్లో ముఖాలన్నీ ఒకటే! పది మంది నటుల్ని గీస్తే పది ముఖాలూ ఒక్కలా ఉంటాయి. మరి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? బట్టల మీద కుటుంబ చిహ్నం ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి పెట్టిన మూడు చతురస్రపు కొలపాత్రలు కనిపిస్తే దంజూరో అని అర్థం. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే చిహ్నమే యూజర్ ఐడీ, ముఖం డిఫాల్ట్ ఫొటో.

దీన్ని మార్చినవాళ్ళలో ముఖ్యుడు కత్సుకవా షున్షో. 1760ల మధ్యలో రంగురంగుల అచ్చు వచ్చింది, ఆ దశాబ్దం చివర్లో షున్షో, బున్చో అనే ఇంకో చిత్రకారుడూ నటుల ముఖాలు వాళ్ళ ముఖాల్లాగే గీయడం మొదలుపెట్టారు. 1770లో ఇద్దరూ కలిసి ఒక పుస్తకం వేశారు. విసనకర్ర ఆకారంలో గీసిన చట్రాల్లో ఒక్కో నటుడు. ముక్కు ముక్కే, దవడ దవడే. ఈ రకం బొమ్మకి 'నిగావొ-ఎ' అని పేరొచ్చింది, పోలిక బొమ్మ అని. తర్వాతి తరం చిత్రకారులు దీన్నెంత దూరం తీసుకెళ్ళారంటే, ఐదో మత్సుమొతో కోషిరో అనే విలన్ వేషాల నటుడికి 'ముక్కు కోషిరో' అని పేరుండేది. అతన్ని పక్కనుంచి గీసిన బొమ్మలో ఆ ముక్కు ఒక్కటి చాలు, చిహ్నాన్ని కాగితంతో మూసేసినా ఎవరో తెలిసిపోతుంది.

ఇక్కడ బొమ్మ తయారయ్యే తీరు చెప్పుకోకపోతే ఒక తప్పు అభిప్రాయం మిగిలిపోతుంది. షరాకు గీశాడు, కునియోషి గీశాడు అంటున్నాం గానీ వాళ్ళు చెక్కని ముట్టుకోలేదు. డబ్బు పెట్టేది ప్రచురణకర్త. ఏ నాటకం, ఏ నటుడు, ఎన్ని రంగులు అన్నది ఆయన లెక్క. చిత్రకారుడు పల్చటి కాగితం మీద నల్ల గీతలతో గీసిస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి, గీతల్ని మాత్రం వదిలి మిగతా చెక్కంతా తవ్వేస్తాడు. అంటే అసలు బొమ్మ చెక్కుతుండగానే నాశనమైపోతుంది. తర్వాత ఒక్కో రంగుకి ఒక్కో చెక్క. ప్రతి చెక్క మూలలో కాగితం ఆనించడానికి కెంతో అనే చిన్న గాడి ఉంటుంది. అది వెంట్రుకవాసి తప్పినా పెదవుల ఎరుపు గడ్డం మీద పడుతుంది. అచ్చువేసేవాడు కాగితం పరిచి వెనకనుంచి బారెన్ అనే గుండ్రటి మెత్తతో రుద్దుతాడు. పది రంగులుంటే అదే కాగితాన్ని పదిసార్లు అదే గాడికి ఆనించాలి. జుట్టు మొదళ్ళ దగ్గర మిల్లీమీటరులో ఇన్నేసి గీతలు ఎలా చెక్కారో నాకు ఎన్నిసార్లు జూమ్ చేసి చూసినా నమ్మకం కుదరదు.

ఇంత పనీ జరిగేది ఒక తాత్కాలికమైన వస్తువు కోసం. నాటకం నడిచే కొన్ని వారాల్లోనే బొమ్మలు అమ్ముడుపోవాలి. కొన్నింటిని నాటకం మొదలవకముందే గీసి సిద్ధంగా పెట్టేవారు. మ్యూజియంలో అద్దం వెనక చూసే మనకి ఈ తొందర కనిపించదు.

ఇప్పుడు మళ్ళీ షరాకు దగ్గరికి వెళ్దాం. 1794 ఐదో నెలలో ఎడోలోని మూడు నాటకశాలల్లో నాటకాలు మొదలైనప్పుడు, అప్పటిదాకా ఎవరూ వినని ఈ పేరుతో ఒకేసారి 28 పెద్ద బొమ్మలు బయటికొచ్చాయి. అన్నీ నడుం పైభాగం వరకే. వెనకతెర అంతా అభ్రకం పొడి కలిపి అచ్చువేసిన ముదురు మెరుపు. దీపం ముందు పెట్టి కొంచెం వంచితే వెండిలా తళుక్కుమంటుంది. స్క్రీన్ మీద చూసేవాళ్ళం ఈ ఒక్కటీ పూర్తిగా పోగొట్టుకుంటాం. ప్రచురణకర్త త్సుతాయా జూజాబురో. మూడేళ్ళ క్రితమే, 1791లో, నిషిద్ధమైన పుస్తకాలు వేశాడని ప్రభుత్వం ఆయన ఆస్తిలో సగం జప్తు చేసింది. అలాంటి మనిషి కొత్తవాడి మీద ఇంత ఖర్చు పెట్టాడు. పది నెలల్లో నూట నలభైకి పైగా బొమ్మలు. 1795 మొదట్లో షరాకు మాయం. ఆ తర్వాత ఆ పేరుతో కొత్త అచ్చు బొమ్మ రాలేదు.

అతనెవరు అన్న దాని మీద పుస్తకాలకి పుస్తకాలే ఉన్నాయి. అవా ప్రభువు కొలువులో నో నాటకాలాడే సైతో జూరోబే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. నాకు ఆ డిటెక్టివ్ కథ మీద పెద్ద ఆసక్తి లేదు. ఎందుకు ఆగిపోయాడన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

దీనికి దాదాపు అతని కాలపువాడే అయిన రచయిత ఓతా నంపో ఒక జవాబు రాసిపెట్టాడు. నటుల పోలికల్ని మరీ ఉన్నదున్నట్టు గీయబోయి, గీయకూడనిది గీశాడట, అందుకే ఎక్కువ కాలం నిలవలేదట. దీన్నుంచి మనవాళ్ళందరికీ ఇష్టమైన కథ ఒకటి పుట్టింది. కాలం కన్నా ముందు పుట్టిన మేధావి, అర్థం చేసుకోలేని మూర్ఖపు జనం. 1910లో జర్మన్ పండితుడు యూలియస్ కుర్త్ షరాకు మీద పుస్తకం వేశాక ఈ కథ ప్రపంచమంతా పాకింది.

నేను ఈ కథకి ఒప్పుకోను. నిజమైన ముఖాలు చూస్తే భయపడే జనం కాదు వాళ్ళు. షున్షో పుణ్యమా అని పాతికేళ్ళుగా నిజమైన ముఖాలు కొంటున్నవాళ్ళే. షరాకు చేసింది వేరే. రెండో సెగవా తొమిసబురో యదొరిగి అనే ఆడపాత్రలో ఉన్న బొమ్మ చూడండి. పొడుగాటి ముక్కు, సన్నటి కఠినమైన కళ్ళు, మగవాడి దవడ. స్త్రీ వేషంలో ఉన్న మగవాణ్ణి షరాకు పట్టేశాడు. అద్భుతమైన బొమ్మే. కానీ ఒన్నగత జీవితమంతా కష్టపడి నేర్చుకునేది ఆ దవడని మరిపించడం ఎలాగన్నదే. ప్రేక్షకుడు డబ్బిచ్చి చూసొచ్చింది ఆ మరపుని. ఇంటికెళ్ళేటప్పుడు అదే కొనుక్కుందామని కొట్టుకొస్తే, షరాకు తెర వెనక్కి తీసుకెళ్ళి మేకప్ కింద ఏముందో చూపిస్తున్నాడు. ఇది నిజం. అయితే నాటకంలో జరిగిన నిజం కాదు.

అదే సమయంలో ఇంకో కుర్రాడు, పాతికేళ్ళ తొయొకుని, 'స్టేజి మీద నటుల భంగిమలు' అన్న అర్థం వచ్చే పేరుతో బొమ్మల వరస గీస్తున్నాడు. నిలువెత్తు మనుషులు, లేత బూడిద రంగు నేల, ఏ ముఖం ఎవరిదో తెలుస్తుంది గానీ అందరూ తమ పాత్రలో ఉన్నంత అందంగా ఉంటారు. గెలిచింది తొయొకునే. ఆయన శిష్యపరంపర తర్వాత డెబ్భై ఏళ్ళు ఈ రంగాన్ని ఏలింది. షరాకు పక్కన పెడితే తొయొకుని బొమ్మలు నాకూ కొంచెం చప్పగానే ఉంటాయి. అయినా ఆరోజు ఎడోలో జేబులో ఒక్క బొమ్మకే డబ్బులుంటే, ముందురోజు ఏడిపించిన నటుడి బొమ్మ కావాలనుకుంటే, తొయొకుని బొమ్మే కొనేవాణ్ణేమో. షరాకు మనకి నచ్చడానికి సగం కారణం మనం ఆ నటుల అభిమానులం కాకపోవడమే.

ఇక్కడిదాకా ముఖం గెలుస్తూ వచ్చింది. ఎంతగా గెలిచిందంటే ప్రభుత్వానికి దాన్ని చూస్తే కంపరం పుట్టేంత. 1841లో మంత్రి మిజునో తదకుని పొదుపు, నీతి పేరుతో సంస్కరణలు మొదలుపెట్టాడు. వాటికి తెంపో సంస్కరణలని పేరు. ఆ ఏడాది చివర్లో నాటకశాలలు తగలబడితే ఊరి నడుమ మళ్ళీ కట్టుకోనివ్వకుండా అసకుసా అవతలి చోటికి తరిమారు. 1842లో ఏడో దంజూరోని, అంటే అప్పటి కబుకిలో అందరికంటే పెద్ద నటుణ్ణి, ఆడంబరం నేరం కింద ఎడో నుంచి బహిష్కరించారు. ఆ ఏడాదే ఇంకో ఆజ్ఞ: నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు, గెయిషాల బొమ్మలు అచ్చువేయకూడదు, అమ్మకూడదు. విశ్వాసం, పితృభక్తి నేర్పే బొమ్మలు వేసుకోండి. తర్వాత రంగుల చెక్కల సంఖ్యకీ హద్దు, ధరకీ హద్దు, పదహారు మోన్లు. గిన్నెడు సోబా ధర. ఇవన్నీ ఒక ఎత్తు, నటులు వీధిలోకొస్తే వెదురు బుట్ట లాంటి టోపీతో ముఖం కప్పుకోవాలన్న నిబంధన ఇంకో ఎత్తు. కాగితం మీదా ముఖం కనపడకూడదు, రోడ్డు మీదా కనపడకూడదు. ఏం చూసి భయపడ్డారో ఆ టోపీయే చెప్తోంది.

మిజునో ఏడాది తిరిగేసరికి 1843లో పదవి పోగొట్టుకున్నాడు. ఆజ్ఞలు మాత్రం వెంటనే పోలేదు, సడలుతూ వచ్చాయి. ఈ మధ్యకాలంలో చిత్రకారులు చేసిన తమాషాలే నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే ఇష్టం. ఉతగవా కునియోషి 1847 ప్రాంతంలో కొన్ని బొమ్మలు వేశాడు. ఒక గోదాము గోడ. ఎవరో పోకిరీలు మేకుతో గీకినట్టు పిచ్చిగీతల ముఖాలు, మధ్యలో రెండు తోకల పిల్లి నాట్యం చేస్తుంటుంది. నటుల బొమ్మలెక్కడున్నాయి? గోడ మీది గీతల్ని గీశాడంతే! కానీ ఆ పిచ్చిగీతల్లో ప్రతి ముఖమూ ఎడో అంతా గుర్తుపట్టే నటుడిదే. పేరులోనే 'పోలిక' అన్న మాట మీద శ్లేష పెట్టాడు. పిల్లుల ముఖాల్లోనూ, తాబేళ్ళ ముఖాల్లోనూ నటుల్ని దాచింది కూడా ఈయనే. ఐదారు అడ్డదిడ్డం గీతల్తో ఒక మనిషిని గుర్తుపట్టించాలంటే, ఆ మనిషి ముఖం చూసేవాళ్ళకి ఎంత కంఠతా వచ్చి ఉండాలి!

కునియోషి పోటీదారు కునిసదా తీరు వేరు. తర్వాత తొయొకుని పేరు పెట్టుకున్నది ఈయనే. 1852లో తోకైదో రహదారి మీది యాభై మూడు మజిలీల పేరుతో నటుల సగం బొమ్మల వరస మొదలుపెట్టాడు. వెనక మజిలీ దృశ్యం, ముందు ఏదో నాటకంలోని పాత్ర. మజిలీ పేరుంది, పాత్ర పేరుంది, నటుడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ముఖం నిండా నటుడే. ఎంత అమ్ముడుపోయాయంటే మజిలీలు అయిపోయాక, మజిలీకి మజిలీకి మధ్య ఊళ్ళ పేర్లు పట్టుకుని మరిన్ని వేశారు. తొరియి వాళ్ళ కాలంలో పేరుంది, ముఖం లేదు. ఇప్పుడు ముఖం ఉంది, పేరు లేదు. జనానికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఇబ్బంది మనకే. జేక్వెరీ రాసిన జాన్ రెసిగ్ ఇలాంటి బొమ్మల కోసం ఒక సైటు కట్టాడు. రకరకాల మ్యూజియంలలోని రెండు లక్షలకు పైగా బొమ్మల్ని ఒకచోట చేర్చి, ఒక బొమ్మ ఇస్తే అలాంటివన్నీ వెతికిపెడుతుంది. అప్పట్లో సోబా తింటూ ఒక్క చూపులో పోల్చుకున్న దానికోసం ఇప్పుడు ఇమేజ్ మ్యాచింగ్ చేస్తున్నాం.

ఆ తోకైదో వరసలో ఒక ముఖం దగ్గర నేను ఆగిపోతుంటాను. పొడుగాటి కోలముఖం, పైకి లేచిన సన్నటి కళ్ళు. ఎనిమిదో ఇచికవా దంజూరో, బహిష్కరించిన ఏడో దంజూరో పెద్దకొడుకు. తండ్రి తిరిగి రావాలని గుడికి వెళ్ళి రోజూ మొక్కుకునేవాడని 1845లో నగర అధికారి పితృభక్తికి బహుమానం ఇచ్చాడు. తండ్రిని వెళ్ళగొట్టిన ప్రభుత్వమే! అందగాడు. 1853లో యోసబురో పాత్ర వేశాడు. ప్రేమలో పడి ఒళ్ళంతా కత్తిగాట్లు తిన్న పెద్దింటి కుర్రాడు. ఒంటి మీద ఆ గాట్లతో కనిపించే అతని బొమ్మలు ఇప్పటికీ దొరుకుతాయి.

1854 ఎనిమిదో నెలలో, తండ్రితో కలిసి ఒసాకాలో నాటకం మొదలుపెట్టాల్సిన రోజు, బసలో ఆత్మహత్య చేసుకున్నాడు. వాళ్ళ లెక్కలో ముప్ఫై రెండేళ్ళు. తండ్రి అప్పులంటారు, ఎడో నాటకశాలకిచ్చిన మాట తప్పాల్సి వచ్చిందంటారు. కారణం తేలలేదు.

నటుడు చనిపోతే 'షిని-ఎ' వేయడం ఆనవాయితీ, మరణచిత్రం అని అర్థం. లేత నీలం బట్టలు, చేతిలో జపమాల, పక్కన మరణానంతరం పెట్టిన బౌద్ధనామం, వయసు, తేదీ, సమాధి ఉన్న గుడి పేరు. ఎనిమిదో దంజూరోకి ఇలాంటివి రెండు మూడు వందల రకాలు వచ్చాయి. ఎవరికీ అన్ని రాలేదు. చాలా వాటి మీద చిత్రకారుడి సంతకం లేదు, సెన్సారు ముద్ర లేదు, ప్రచురణకర్త గుర్తు లేదు. అనుమతి కోసం ఆగే తీరిక లేదు, వార్త వేడి మీద ఉండగానే అమ్మాలి. కొన్నింట్లో వయసు తప్పు, కొన్నింట్లో తేదీ తప్పు. ఇది వ్యాపారమే, అందులో అనుమానం లేదు. కానీ కొన్నవాళ్ళు వ్యాపారం చేయలేదు.

విచిత్రం ఏంటంటే, పన్నెండేళ్ళుగా బొమ్మల మీద రాయకుండా దాచిన పేరు వీటి మీద మళ్ళీ కనిపించింది. ఇప్పుడు దాచిపెట్టినవాళ్ళు గీసినవాళ్ళూ అచ్చువేసినవాళ్ళూ.

వాటిలో ఒక రకం ఉంది. బుద్ధుడి మహాపరినిర్వాణం పటాన్ని తీసుకుని, బుద్ధుడి చోట దంజూరోని పడుకోబెట్టారు. అసలు పటంలో చుట్టూ శిష్యులు, దేవతలు, జంతువులు ఏడుస్తుంటారు. ఇక్కడ అందరూ ఆడవాళ్ళే. ముసలివాళ్ళు, పడుచులు, పెద్దింటివాళ్ళు, పనివాళ్ళు. కొంగులో ముఖం దాచుకున్నవాళ్ళు కొందరు, చేతులు చాచినవాళ్ళు కొందరు. వాళ్ళ మధ్య ఒక పిల్లి కూడా ఏడుస్తుంటుంది.